డిష్‌వాషర్‌లో పొడి కరగకుండా గడ్డకడుతోంది, పెట్టె మొత్తం మార్చాల్సిందేనా?

వడ్డేపల్లి_వాణి
డిష్‌వాషర్ తలుపు లోపలి వైపు పొడి వేసే చిన్న పెట్టె ఉంటుంది కదా, వానలు మొదలైనప్పటి నుంచి మా దాంట్లో సగం పొడి అలాగే మిగిలిపోతోంది. చివర్లో తలుపు తీస్తే పైన తడి ముద్ద, కింద మూలల్లో గోరుతో గీకినా రాని తెల్లటి గడ్డ. గిన్నెలు జిడ్డు వదలడం లేదు. స్టీలు పళ్లాలకు పప్పుచారు వాసన పోవడం లేదు. గాజు గ్లాసుల మీద తెల్లని పొర.

సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చి తలుపు తీసి, చూసి, "డిస్పెన్సర్ మొత్తం మార్చాలి మేడం" అన్నాడు. గడ్డ తీసి చూడలేదు, ఒక్కసారి నడిపి చూడలేదు. వారంటీ అయిపోయింది, కాబట్టి ఖర్చు మాదే. చూడకుండానే మార్చమనడం నాకు మింగుడు పడలేదు.

మాది హనుమకొండలో మొదటి అంతస్తు. నల్లా నీళ్లు వచ్చినప్పుడు అవి, రానప్పుడు బోరు, రెండూ ఒకే ట్యాంకులోకి వెళ్తాయి. ఉమ్మడి కుటుంబం, రోజూ మెషిన్ నిండుతుంది. పెట్టె మార్చక తప్పదా? ఇంట్లో సరిచేసుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
మార్చకండి. స్విచ్ ఆపేసి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను ఆ పెట్టెలో కుక్కి అరగంట వదిలేయండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గడ్డ వచ్చేస్తుంది. చాకు, స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు, మూత చుట్టూ ఉండే రబ్బరు చిరిగిందంటే అప్పుడు నిజంగానే పెట్టె మార్చాలి.

సబ్బుబిళ్ల
పొడి మానేసి టాబ్లెట్‌కు మారిపోండి. గడ్డ గొడవే ఉండదు. మా ఇంట్లో పొడి డబ్బా మొహం చూసి చాలా కాలమైంది.

జగిత్యాల_జామచెట్టు
సబ్బుబిళ్ల గారూ, టాబ్లెట్ కూడా ఇరుక్కుంటుందండీ. తడి చేత్తో పట్టుకుని పెడితే దాని పైపొర పెట్టెకు అతుక్కుపోతుంది. అరగంట వాష్ పెడితే సగమే కరుగుతుంది, మిగతా సగం జిగురై మూతకు పట్టుకుంటుంది. మా మరదలి ఇంట్లో జరిగింది ఇదే.

మా ఇంట్లో అయితే కారణం వేరు. పొడుగు కాడ గరిటెను కింది అరలో ముందు వైపు నిలబెట్టేవాళ్లు. మూత తెరుచుకోబోయి ఆ కాడకు తగిలి ఆగిపోయేది. గరిటెలన్నీ పై అరలో పడుకోబెట్టడం మొదలుపెట్టాక మళ్లీ ఆ బాధ లేదు. వాణి గారూ, మీ కింది అరలో తలుపు పక్కన ఏం పెడుతున్నారో ఒకసారి చూడండి.

కరీంనగర్_అమ్మమ్మ
ఇంత తంటా ఎందుకమ్మా? పీచు, సబ్బు పెట్టుకుని ఇద్దరు కూర్చుంటే అరగంటలో బోళ్లు అయిపోతాయి. మెషిన్ కడిగిన గిన్నెను మళ్లీ చేత్తో కడగడం నేను కళ్లారా చూశాను.

వడ్డేపల్లి_వాణి
అమ్మమ్మగారూ, కూర్చునే ఇద్దరిలో ఒకరు మా అత్తగారు, ఆవిడకు మోకాళ్లు అరిగాయి. ఇంకొకరిని నేను, ఉదయం ఎనిమిదికల్లా బడికి బయలుదేరాలి. ఈ మెషిన్ వచ్చాక ఆవిడ సాయంత్రం పూట కాసేపు గుడికి వెళ్లి వస్తున్నారు. అందుకే దీన్ని బాగుచేసుకోవాలని ఇంత పట్టుదల.

కరీంనగర్_అమ్మమ్మ
మోకాళ్ల సంగతి నాకు తెలియదా తల్లీ. అలాగైతే బాగుచేయించుకో. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు, చెబుతారు.

పానా_పట్టకారు
చాలా కాలం ఇళ్లకు తిరిగి వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్లు బాగుచేసినవాణ్ని, ఇప్పుడు మానేశాను. వాణి గారూ, గడ్డను కడిగేముందు ఒక్క విషయం చూసి చెప్పండి. వాష్ అయ్యాక తలుపు తీసినప్పుడు ఆ పెట్టె మూత తెరుచుకుని ఉంటోందా, మూసుకునే ఉంటోందా?

దీని మీదే అంతా ఆధారపడి ఉంది. పెట్టె చేసే పని చాలా చిన్నది. మూతకు స్ప్రింగు ఉంటుంది, దాన్ని ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. అసలు వాష్ మొదలైనప్పుడు మెషిన్ ఆ కొక్కేన్ని వదిలిస్తుంది, మూత తెరుచుకుంటుంది. అంతే. పొడిని బయటికి తోసే యంత్రం ఏదీ అందులో లేదు. మూత తెరుచుకున్నాక పొడిని కడిగి కిందికి దించవలసింది తిరిగే రెక్కల నుంచి చిమ్మే నీళ్లు.

కాబట్టి మూత మూసుకునే ఉంటే తప్పు కొక్కెంలోనో, దాన్ని కదిలించే భాగంలోనో ఉంది. మూత తెరుచుకుని, పొడి లోపలే ఉంటే పెట్టె తన పని చేసినట్టే. నీళ్లు అక్కడిదాకా రాలేదు, లేదా పొడి ముందే తడిసి ముద్దయింది. అలాంటప్పుడు పెట్టె మార్చినా కొత్త పెట్టెలోనూ ఇదే గడ్డ కడుతుంది. మీ ఇంటికి వచ్చినతను ఈ ప్రశ్న అడగకుండా పెట్టె మార్చమన్నాడంటే నాకు బాధగా ఉంది.

వడ్డేపల్లి_వాణి
తెరుచుకునే ఉంటోందండీ. కొన్ని రోజులు మాత్రం సగమే తెరుచుకుని ఉంటోంది.

పానా_పట్టకారు
సగం తెరుచుకున్న రోజుల సంగతి జామచెట్టు గారు ముందే చెప్పారు. ఏదో పళ్లెమో గరిటో అడ్డం పడుతోంది. మిగతా రోజుల కోసం నీళ్ల దారి వెతకాలి.

నయీంనగర్_రెండో_అంతస్తు
నీళ్ల దారి అంటే ప్రెషరే. వాణి గారిది మొదటి అంతస్తు, ట్యాంకు డాబా మీద ఉంటుంది, అంటే కుళాయికి పైన మహా అయితే మూడు నాలుగు మీటర్లు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ప్రెషర్ వస్తుంది, ఈ లెక్కన ఆవిడకు 0.3, 0.4 బార్. చాలా మెషిన్ల పుస్తకాల్లో కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలని రాసి ఉంటుంది. చిన్న ప్రెషర్ పంపు బిగిస్తే సరిపోతుంది. మేము అదే చేశాం.

పానా_పట్టకారు
మీ లెక్క సరైనదే, కానీ ముగింపు కాదు. ట్యాంకు ప్రెషర్ పని మెషిన్‌లోకి నీళ్లు నింపడం వరకే. లోపల గిన్నెల మీద చిమ్మేది మెషిన్ సొంత పంపు. బయటి ప్రెషర్ తక్కువైతే నీళ్లు నెమ్మదిగా నిండుతాయి. మరీ తక్కువైతే మెషిన్ ఆగిపోయి తెరమీద ఏదో ఒక కోడ్ చూపిస్తుంది. వాణి గారి మెషిన్ ఆగడం లేదు, పూర్తిగా నడుస్తోంది. ఒకవేళ నీళ్లు తక్కువ నిండి పంపు గాలి పీలుస్తుంటే మామూలుగా వినిపించని గరగర చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఉందేమో వినండి. పంపు కొనేముందు నీళ్ల గొట్టం కుళాయి దగ్గర విప్పి, దాని మూతిలో ఉండే చిన్న జాలీ చూడండి. బోరు ఇసుక అక్కడ చేరుతుంది, కుళాయి కింద కడిగితే పోతుంది.

నయీంనగర్_రెండో_అంతస్తు
మా ఇంట్లో పంపు బిగించాక పొడి మిగలడం ఆగిపోయింది, అది నిజం. అయితే గొట్టం విప్పినప్పుడు ప్లంబర్ ఆ జాలీ కూడా కడిగాడు. ఏది పని చేసిందో ఇప్పుడు చెప్పలేను.

రసాయనాల_మాస్టారు
గడ్డ గురించి నేను కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు పదార్థాలను అందరూ ఒకటిగా చూస్తున్నారు.

డిష్‌వాషర్ పొడిలో ఎక్కువ భాగం సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా. దాంతోపాటు మరకలు పోగొట్టే సోడియం పర్కార్బొనేట్, పిండిపదార్థాన్నీ మాంసకృత్తులనూ విడగొట్టే ఎంజైములు ఉంటాయి. చాకలి సోడాకు కొద్దిపాటి తడి తగిలితే ఆ నీటిని తనలో కలుపుకుని కొత్త స్ఫటికాలు కడుతుంది. రేణువుకు రేణువు అతుక్కుపోయి, తడి తగిలిన సిమెంటు బస్తాలా బిగుసుకుంటుంది. ఎక్కువ నీళ్లు ఒకేసారి పడితే కరిగిపోతుంది, కొంచెం కొంచెం తగిలితేనే గడ్డ కడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలోనే ఈ పని మొదలవుతుంది.

రెండోది సున్నపు పొర. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. కాల్షియం ఈ సోడాతో కలిస్తే కాల్షియం కార్బొనేట్ ఏర్పడుతుంది. గ్లాసుల మీద తెల్లని పొర చాలావరకు అదే. ఇది వేడినీళ్లకు కరగదు.

వాణి గారూ, మూలలో గీకిన గడ్డ ముక్కను ఒక గాజు గ్లాసులో వేడినీళ్లు పోసి వేయండి. చెంచాతో తిప్పండి. కరిగిపోతే అది పొడి గడ్డ. అడుగున తెల్లని ముక్కగానో పొట్టుగానో మిగిలితే దాని మీద కాస్త నిమ్మ ఉప్పు వేయండి, బుడగలు వచ్చి కరిగితే సున్నం. మొదటిదానికి వేడినీళ్లు చాలు, రెండోదానికి పులుపు కావాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఈ పొడి క్షారం, చర్మాన్నీ కళ్లనూ మండిస్తుంది.

సబ్బుబిళ్ల
నిమ్మ ఉప్పు ఎందుకు, వెనిగర్ పోస్తే సరి కదా మాస్టారూ?

రసాయనాల_మాస్టారు
ఒకసారికి పరవాలేదు. అలవాటుగా పోస్తే రబ్బరు భాగాలు పాడవుతాయని చాలా కంపెనీలు తమ పుస్తకాల్లో రాస్తాయి. నిమ్మ ఉప్పుకు వాసన లేదు, ధర తక్కువ, మన కిరాణా కొట్లలో దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, దాన్ని పొడితో కలిపి పెట్టెలో వేయకూడదు. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, రెండూ వృథా. మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు అడుగున చల్లి వేడి ప్రోగ్రాం నడపాలి.

రామగుండం_రాత్రిషిఫ్ట్
అంత గట్టి సున్నమైతే బాత్రూం ఆసిడ్ రెండు చుక్కలు వేయండి, క్షణంలో తెల్లబడుతుంది.

రసాయనాల_మాస్టారు
వద్దు, వద్దే వద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్. మెషిన్ లోపలి స్టీలును తినేస్తుంది, గుంటలు పడతాయి. దాని ఆవిరి వంటింట్లో పిల్లలు పీలుస్తారు. అంతకుముందు ఎవరైనా బ్లీచింగ్ వాడి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది. ఇది చదివిన ఎవరూ ఆ పని చేయకండి.

రామగుండం_రాత్రిషిఫ్ట్
అర్థమైంది మాస్టారూ. ఆ సలహా ఎవరూ పాటించవద్దు.

నిజామాబాద్_పసుపు
మా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రాత్రి భోజనాలు అయ్యాక గిన్నెలు సర్ది, పొడి వేసి, తలుపు మూసి, పొద్దున కరెంటు నిలకడగా ఉన్నప్పుడు నడిపేవాళ్లం. రాత్రంతా ఆ తడి గిన్నెల మధ్య పొడి కూర్చునేది. మూత పెట్టినా ఆవిరి తేమ లోపలికి చేరేది. పొద్దునకల్లా పైన పెంకు కట్టేది. ఇప్పుడు పొడి ఆఖర్న వేస్తున్నాం, స్విచ్ నొక్కే ముందు. అంతకుముందు ఆ గుంటను పొడి గుడ్డతో తుడుస్తాం, ఎందుకంటే క్రితం వాష్ నీటి చుక్కలు అందులో నిలిచే ఉంటాయి. ఈ రెండు పనులతోనే మా సమస్య పోయింది.

ఇంకోటి, మధ్యలో కరెంటు పోయినప్పుడు పిల్లలు తలుపు తీస్తే అప్పటికే తడిసిన పొడి గాలికి ఆరి గట్టిపడేది. కరెంటు వచ్చేదాకా తలుపు తీయవద్దని చెప్పాం.

కరీంనగర్_అమ్మమ్మ
నాకు మెషిన్ తెలియదు కానీ వంటిల్లు తెలుసు. సబ్బు మురికిని బట్టి వేయాలి. పెట్టె ఉంది కదా అని అంచుదాకా నింపి నొక్కితే ఏ పొడైనా గడ్డే కడుతుంది. మా కోడలి మెషిన్ పెట్టెలో 15, 25 అని గీతలు చూశాను. అవి ఊరికే గీయరు కదా.

పానా_పట్టకారు
అమ్మమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ గీతలు మిల్లీలీటర్లు, చాలా మెషిన్లలో ఉంటాయి. మామూలు గిన్నెలకు కింది గీత, నూనె కడాయిలకు పై గీత. పొడిని వదులుగా పోయాలి, చెంచా వెనకతో అదమకూడదు.

వడ్డేపల్లి_వాణి
అందరూ చెప్పినవి ఒక్కొక్కటే చూశాను.

గ్లాసు పరీక్ష: ముక్క చాలావరకు కరిగింది. అడుగున కొద్దిగా పొట్టు మిగిలింది, నిమ్మ ఉప్పు వేయగానే బుస్సున పొంగింది. అంటే గడ్డ పొడిదే, సున్నం కొంచెమే.

కింది అర: తలుపు పక్కన సర్వపిండి కాల్చే వెడల్పు గిన్నెను ఏటవాలుగా నిలబెడుతున్నారు మా ఇంట్లో. తలుపు నెమ్మదిగా మూస్తూ తొంగి చూస్తే దాని అంచు సరిగ్గా మూతకు ఎదురుగా వస్తోంది. సగం తెరుచుకున్న రోజులు సర్వపిండి రోజులే.

రెక్కలు: కింది రెక్క పైకి లాగితే ఊడి వచ్చింది. వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రాల్లో సగానికి సగం మూసుకుపోయాయి. పంటిపుల్లతో పొడిస్తే వరసగా నువ్వులు రాలాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో నువ్వుగింజ, కొలిచి బిగించినట్టు కూర్చుంది. రెక్కను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఇంకా గలగలమంటున్నాయి. కుళాయి కింద పెట్టి చాలాసేపు తిప్పితే గానీ అన్నీ రాలేదు. రెండు కరివేపాకు ఈనెలు, ఒక ఆవగింజ కూడా వచ్చాయి.

జగిత్యాల_జామచెట్టు
సర్వపిండి అంటే ఓరుగల్లులో ఎంత ప్రేమో ఇప్పుడు మెషిన్‌ను అడిగినా చెబుతుంది. నువ్వులు బాగానే వేస్తున్నారు, వాసన ఇక్కడిదాకా వస్తోంది.

వడ్డేపల్లి_వాణి
జగిత్యాల నుంచి ఎంత దూరం, రండి, వేడివేడిగా పెడతాం. గిన్నె మాత్రం పక్క వరసలో పెడుతున్నాం ఇప్పుడు.

పానా_పట్టకారు
దొంగ దొరికాడు, కానీ ఎటు నుంచి వచ్చాడో చూడాలి. నువ్వుగింజ రెక్కలోకి వెళ్లకూడదు. మెషిన్ అడుగున ఫిల్టర్ ఉంటుంది, గ్లాసు ఆకారంలో ఒకటి, దాని చుట్టూ పళ్లెంలా సన్నని జాలీ ఒకటి. వాడిన నీళ్లు ఆ జాలీ గుండా వెళ్లే మళ్లీ పంపులోకి, అక్కడి నుంచి రెక్కల్లోకి చేరతాయి. జాలీ రంధ్రాలు నువ్వుగింజ కంటే చాలా చిన్నవి. రెక్కలో నువ్వులున్నాయంటే జాలీ పక్కనుంచి దారి ఉందన్నమాట. ఫిల్టర్ బయటికి తీసి కడిగి, మళ్లీ పెట్టి తిప్పినప్పుడు గట్టిగా బిగుస్తోందా, వదులుగా ఆడుతోందా చూడండి.

ఈ కారణం ఎవరికీ తట్టదు, అందుకే నొక్కి చెబుతున్నాను. ఫిల్టర్ ఒక్క గింజంత పైకి లేచినా మెతుకులు, గింజలు రెక్కల్లోకి వెళ్తాయి. రెక్క రంధ్రం మూసుకుంటే నీటి ధార దారి తప్పుతుంది. ఆ ధార తగలవలసిన చోట పొడి పెట్టె ఉంటే అక్కడ గడ్డ కడుతుంది. గడ్డ కనిపించేది తలుపులో, తప్పు ఉన్నది అడుగున.

వడ్డేపల్లి_వాణి
మీరు చెప్పినట్టే ఉంది! ఫిల్టర్ అడుగున బిగించే మూడు చెవుల్లో ఒకటి విరిగిపోయింది. తిప్పితే బిగిసినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే ఒక పక్క లేస్తుంది. అక్కడే సందు.

పానా_పట్టకారు
ఫిల్టర్ విడిగా దొరుకుతుంది. తలుపు అంచున అతికించిన చీటీ మీద మోడల్ నంబర్ ఉంటుంది, దాని ఫోటో తీసుకెళ్లి అడగండి. పెట్టె ధరతో పోలిస్తే చాలా తక్కువ. కొత్తది వచ్చేదాకా గిన్నెలను మెషిన్‌లో పెట్టేముందు మెతుకులు, గింజలు చెత్తబుట్టలో దులపండి. కుళాయి కింద కడగనవసరం లేదు, దులిపితే చాలు.

సబ్బుబిళ్ల
నేను ఇంకా టాబ్లెట్ మాటే అంటాను. కొలత తప్పే పని లేదు, తేమ పట్టే పని లేదు, ఒక్కోటి విడిగా చుట్టి ఉంటుంది.

నిజామాబాద్_పసుపు
రెక్క రంధ్రాలు మూసుకుంటే మీ టాబ్లెట్ కూడా పెట్టెలోనే కూర్చుంటుంది కదండీ. పైగా నాలుగు పళ్లాలున్న రోజూ నిండు కడాయిలున్న రోజూ ఒకే బిళ్ల. పొడైతే తగ్గించుకోవచ్చు.

సబ్బుబిళ్ల
అది ఒప్పుకుంటాను. మా ఇంట్లో రోజూ నిండుతుంది కాబట్టి నాకు ఆ తేడా రాలేదు.

వడ్డేపల్లి_వాణి
కొత్త ఫిల్టర్ వచ్చింది. బిగించగానే టక్‌మని చప్పుడు, వేలితో నొక్కితే కదలడం లేదు. పెట్టెను గోరువెచ్చని గుడ్డతో నానబెట్టి బ్రష్‌తో కడిగాను, మూత కొక్కెం దగ్గర చేరిన తెల్లని పొడి కూడా పోయింది. ఖాళీ మెషిన్‌లో నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రాం నడిపాను. తర్వాత రాత్రి గిన్నెలు పెట్టి, పొడి ఆఖర్న కింది గీత వరకే వేశాను. తలుపు తీసేసరికి పెట్టె ఖాళీ. మూలల్లో కూడా ఏమీ లేదు. అత్తగారు పప్పు గిన్నె వాసన చూసి తల ఊపారు, మా ఇంట్లో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

గ్లాసుల మీద తెల్ల పొర తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అది బోరు నీళ్ల పనేనా?

రసాయనాల_మాస్టారు
బోరు నీళ్ల పనే. మనది గ్రానైటు నేల, ఆ రాళ్ల పగుళ్లలో నిలిచిన నీళ్లు ఖనిజాలను కరిగించుకుని పైకి వస్తాయి. ధర్మసాగర్ నుంచి వచ్చే నల్లా నీళ్లు నదీజలాలు, వాటితో పోలిస్తే మెత్తన. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. 600 ఉన్న నీళ్లు తాగడానికి చెల్లుతాయేమో కానీ గాజు గ్లాసుకు చెల్లవు.

మీ మెషిన్ అడుగున ఉప్పు పోసే మూత ఉంటుంది. అందులోని ఉప్పు గిన్నెలను కడగదు. లోపల కాల్షియాన్ని పట్టుకునే రెజిన్ గుళికలు ఉంటాయి, అవి నిండిపోయినప్పుడు ఆ ఉప్పునీళ్లే వాటిని మళ్లీ సిద్ధం చేస్తాయి. నీటి కాఠిన్యం ఎంతో పరీక్షించి, మెషిన్‌లో ఆ అంకె పెట్టాలి. కొన్ని మెషిన్లు జర్మన్ డిగ్రీల్లో అడుగుతాయి. ఒక డిగ్రీ అంటే దాదాపు 17.8 మిల్లీగ్రాములు, కాబట్టి 400 వస్తే 22 డిగ్రీలు. మీకు నల్లా, బోరు కలిసి వస్తాయి కనుక బోరు నీళ్లను పరీక్షించి ఆ అంకె పెట్టుకోండి.

కాజీపేట_జంక్షన్
ఇంట్లో వాడే ఉప్పే పోయొచ్చా మాస్టారూ? మా వాళ్లు దొడ్డుప్పు పోద్దామంటున్నారు.

పానా_పట్టకారు
దీనికి నేను చెబుతాను. వంట ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే మందు ఉంటాయి, మెత్తటి పొడి కావడంతో అడుగున ముద్దవుతుంది. దొడ్డుప్పులో మట్టి, ఇతర లవణాలు ఉంటాయి. రెజిన్ చెడితే ఆ భాగం ఖరీదు మామూలుగా ఉండదు. డిష్‌వాషర్ ఉప్పు అని విడిగా అమ్మేదే వాడండి. పోసేటప్పుడు చుట్టూ ఒలికిన ఉప్పును తుడిచి, వెంటనే ఒక వాష్ నడపండి, స్టీలుకు తుప్పు రాదు.

మంచిర్యాల_మిద్దెఇల్లు
ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. మాది రెండో రకం. వాష్ అయ్యాక మూత మూసుకునే ఉంటోంది, లోపల పొడి పొడిగానే ఉంటోంది. రెక్కలు శుభ్రం, ఫిల్టర్ గట్టిగా ఉంది, ఎదురుగా ఏ గిన్నే లేదు. ఇప్పుడైనా పెట్టె మార్చాలా?

పానా_పట్టకారు
ఇంకా కాదు. స్విచ్ ఆపి, పెట్టె ఖాళీగా ఉంచి, మూత మూసి, కొక్కేన్ని వేలితో నొక్కండి. మూత టప్పున ఎగిరి తెరుచుకోవాలి. బద్ధకంగా లేస్తే కొక్కెంలోనో, మూత కీలులోనో, రబ్బరు అంచున్నో పొడి పేరుకుంది. వేడి గుడ్డతో నానబెట్టి, మూత అంచు, రబ్బరు చుట్టూ బ్రష్‌తో కడగండి. మూత పక్కనే రిన్స్ ఎయిడ్, అంటే గిన్నెలు మచ్చల్లేకుండా ఆరడానికి వాడే ద్రవం, పోసే మూత ఉంటుంది, అది వదులైతే ఆ ద్రవం కారి పొడితో కలిసి జిగురవుతుంది, దాన్నీ చూడండి.

చేత్తో నొక్కితే చక్కగా ఎగిరి, వాష్‌లో మాత్రం తెరుచుకోకపోతే తప్పు తలుపు లోపల ఉంది. కొన్ని మెషిన్లలో అక్కడ మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. కరెంటు వేడికి మైనం వ్యాకోచించి ఒక పుల్లను తోస్తుంది, అది కొక్కేన్ని వదిలిస్తుంది. మరికొన్నింటిలో తీగచుట్ట అయస్కాంతం ఆ పని చేస్తుంది. అది కాలిపోయినా, దానికి వెళ్లే తీగ తలుపు మడత దగ్గర తెగినా మూత కదలదు. తలుపు విప్పడం ఇంట్లో చేసే పని కాదు, అక్కడ కరెంటు తీగలుంటాయి. మనిషిని పిలవండి. పిలిచి, "చేత్తో నొక్కితే తెరుచుకుంటోంది, వాష్‌లో తెరుచుకోవడం లేదు, ముందు తీగ చూడండి" అని చెప్పండి. తీగ తెగితే అతికించవచ్చు. ఆ తర్వాతే పెట్టె మాట.

మంచిర్యాల_మిద్దెఇల్లు
చేత్తో నొక్కితే ఎగురుతోంది. మెకానిక్‌ను పిలిచి మీ మాటలే చెప్పాను. తలుపు విప్పి మీటర్ పెట్టి చూశాడు, తీగ బాగానే ఉంది, మైనపు గొట్టమే పోయింది. మా మోడల్‌లో అది విడిగా రాదట, పెట్టెతో కలిపే మార్చాడు. పాత పెట్టెను మా ముందు కరెంటు పెట్టి, పుల్ల కదలకపోవడం చూపించాడు. డబ్బు ఇచ్చేటప్పుడు మనసులో అనుమానం లేదు.

నయీంనగర్_రెండో_అంతస్తు
ఇవన్నీ చదివాక మా రెక్క కూడా ఊడదీసి చూశాను. నువ్వులు లేవు, జీలకర్ర ఉంది. ఫిల్టర్ చెవులు బాగానే ఉన్నాయి పానా గారూ, మరి జీలకర్ర ఎలా వెళ్లింది?

పానా_పట్టకారు
పై రెక్కా, కింది రెక్కా? ఫిల్టర్ చుట్టూ ఉన్న జాలీ వెలుతురుకు పెట్టి చూడండి. ఎక్కడైనా చిరుగు ఉంటే అక్కడి నుంచే. ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.